బీఎస్ఆర్ గీత కనబడితే హైడ్రేట్ దొరికినట్టేనా?

కృష్ణా-గోదావరి బేసిన్‌లో గ్యాస్ హైడ్రేట్ల మాట వచ్చినప్పుడల్లా ఒక అంకె వెంట వస్తుంది: 1,894 ట్రిలియన్ ఘనపు మీటర్లు. మన దేశపు సముద్రాల అడుగున ఇంత వాయువు ఉండొచ్చని వేసిన అంచనా అది. బావులు తవ్వి కొలిచిన నిల్వ కాదు. అయినా పత్రికల్లో, ప్రసంగాల్లో దాన్ని చేతికందిన సరుకులా చెబుతుంటారు. ఈ పొరపాటు మొదలయ్యేది సైస్మిక్ సెక్షన్ (సముద్రంలోకి ధ్వని పంపి, తిరిగొచ్చిన ప్రతిధ్వనులతో గీసిన అడుగు కింది పొరల చిత్రం) మీద ఒక గీతను చదవడంలో అని నా వాదన. ఆ గీత పేరు బాటమ్ సిమ్యులేటింగ్ రిఫ్లెక్టర్, అంటే సముద్రపు అడుగు ఆకారాన్ని అనుకరించే ప్రతిధ్వని గీత, వాడుకలో బీఎస్ఆర్. గట్టు ఎక్కడుందో చూసినంత మాత్రాన ఏట్లో నీళ్ళెన్నో చెప్పలేం. బీఎస్ఆర్ అలాంటి గట్టు.

గ్యాస్ హైడ్రేట్ అంటే నీటి అణువులు పంజరంలా అల్లుకుని లోపల మీథేన్‌ను బంధించిన మంచులాంటి ఘనపదార్థం. ఒక ఘనపు మీటరు హైడ్రేట్ కరిగితే మామూలు పీడనంలో సుమారు 164 ఘనపు మీటర్ల వాయువు వస్తుంది. ఇది నిలవాలంటే చలి కావాలి, ఒత్తిడి కావాలి. బంగాళాఖాతంలో 1,000 మీటర్ల నీటి అడుగున ఉష్ణోగ్రత 6, 7 డిగ్రీలు ఉంటుంది. అక్కడి నుంచి మట్టిలోకి దిగితే, కిలోమీటరుకు 45 డిగ్రీల చొప్పున వేడి పెరుగుతుందనుకుంటే, 150 మీటర్ల లోతుకి 13 డిగ్రీలు దాటుతుంది. ఆ ఒత్తిడిలో, ఉప్పునీటిలో, హైడ్రేట్ నిలవగలిగే హద్దు దాదాపు అక్కడే. దాని కింద మీథేన్ ఉంటే నీటిలో కరిగి ఉండాలి, లేదంటే బుడగలుగా ఉండాలి.

బీఎస్ఆర్ పుట్టేది ఆ బుడగల వల్లే. హైడ్రేట్ లేని మెత్తటి బురదలో ధ్వని వేగం సెకనుకు 1,600 నుంచి 1,800 మీటర్లు. స్వచ్ఛమైన హైడ్రేట్‌లో అది 3,600 పైనే, కాబట్టి కొద్దిగా హైడ్రేట్ చేరినా వేగం పెరుగుతుంది. బుడగలు చేరితే మాత్రం వేగం ఒక్కసారిగా పడిపోతుంది, అందుకు మట్టి రేణువుల మధ్య రంధ్రాల్లో ఒకటి రెండు శాతం వాయువు చాలు. పైన 1,750 మీటర్ల వేగం, 1.70 సాంద్రత, కింద 1,450 మీటర్ల వేగం, 1.68 సాంద్రత తీసుకుని లెక్కేస్తే పరావర్తన గుణకం (తరంగంలో ఎంత వంతు తిరిగొస్తుందో చెప్పే అంకె) మైనస్ 0.10 వస్తుంది. సముద్రపు అడుగుకు అది ప్లస్ 0.19 దగ్గర ఉంటుంది. అందుకే బీఎస్ఆర్ అంత బలంగా, సముద్రపు అడుగుకు తలకిందుల ధ్రువణతతో, అంటే వ్యతిరేక గుర్తుతో, కనిపిస్తుంది. ఉష్ణోగ్రత రేఖలు అడుగు వంపులను అనుసరిస్తాయి గనుక అదీ వాటినే అనుసరిస్తుంది. మట్టి పొరలు ఏటవాలుగా ఉన్నచోట వాటిని కోసుకుంటూ పోతుంది.

ఈ లెక్కలో హైడ్రేట్ వాటా ఎంతో చూడండి. పైన హైడ్రేట్ అస్సలు లేకుండా 1,650 మీటర్ల మామూలు బురదే ఉన్నా, కింద బుడగలుంటే చాలు, బీఎస్ఆర్ వస్తుంది. గీత బలం ప్రధానంగా కింది వాయువు గురించి చెబుతుంది, పైన హైడ్రేట్ ఎంతుందో దాని నుంచి నేరుగా రాదు. తిరగేసి చూసినా అంతే. అమెరికా తూర్పు తీరాన బ్లేక్ రిడ్జ్ మీద 1995లో ఓషన్ డ్రిల్లింగ్ ప్రోగ్రామ్ 164వ యాత్రలో 994, 995, 997 అనే మూడు స్థలాల్లో తవ్వారు. 995, 997 కింద బీఎస్ఆర్ బలంగా ఉంది, 994 దగ్గర లేదు. హైడ్రేట్ మాత్రం మూడు చోట్లా దొరికింది. గీత లేనిచోట సరుకుంది, గీత ఉన్నచోట కూడా రంధ్రాల్లో కొద్ది శాతమే నిండి ఉంది. ఈ ఫలితం వచ్చి ముప్పై ఏళ్ళవుతున్నా బీఎస్ఆర్ విస్తీర్ణాన్ని మందంతో గుణించి వాయువు ఇంత అని చెప్పే అలవాటు పోలేదు.

ఇక గీత నిజంగా బీఎస్ఆరేనా అన్నది ముందు తేల్చుకోవాల్సిన సంగతి. అడుగుకు సమాంతరంగా నడిచేవి ఇంకా ఉన్నాయి. సర్వేలో ధ్వని పుట్టించే ఎయిర్‌గన్ పేలాక గాలి బుడగ సాగుతూ ముడుచుకుంటూ రెండో దెబ్బ కొడుతుంది. డీబబుల్, అంటే ప్రాసెసింగ్‌లో ఆ దెబ్బను తీసేయడం, సరిగ్గా చేయకపోతే ఆ రెండో దెబ్బ సముద్రపు అడుగు కింద మరో అడుగులా సెక్షన్ నిండా పరుచుకుంటుంది. పట్టుకోవడం తేలికే. లోతు తక్కువున్న చోటి నుంచి ఎక్కువున్న చోటికి గీతను అనుసరిస్తూ అడుగుకూ దానికీ మధ్య కాలాన్ని కొలవాలి. నీటి లోతు మారినా కాలం మారకపోతే అది ఎయిర్‌గన్ బుడగ. నీటితోపాటు ఒత్తిడి పెరిగే కొద్దీ నిజమైన బీఎస్ఆర్ ఇంకా కిందికి దిగాలి. రెండోది సిలికా మార్పు వల్ల వచ్చే గీత. డయాటమ్‌ల (సిలికా గూళ్ళున్న సూక్ష్మజీవుల) బురదలో ఓపల్-ఎ అనే సిలికా రూపం ఓపల్-సీటీ అనే మరో రూపంగా మారేచోట గట్టిదనం పెరుగుతుంది కాబట్టి ధ్రువణత అడుగుతో సమానంగా ఉంటుంది, తలకిందులు కాదు. లోతు కూడా సాధారణంగా ఎక్కువ. మూడోది అన్నిటికన్నా మోసకారి: పొరలే అడుగుకు సమాంతరంగా ఉన్నచోట కోసుకుపోవడం అనే గుర్తు పనిచేయదు. అక్కడ ధ్రువణత, వేగం, వేడి లెక్క మూడూ కలవాలి. అండమాన్ దగ్గర 2006లో తవ్విన స్థలంలో హైడ్రేట్ హద్దు అడుగు కింద 600 మీటర్లు దాటి ఉంది, ఎందుకంటే అక్కడ లోతుతో వేడి చాలా నెమ్మదిగా పెరుగుతుంది. కృష్ణా-గోదావరి లెక్కను అక్కడ పెడితే అసలు గీతను పక్కన పడేసి ఇంకేదో పట్టుకుంటాం.

ధ్రువణత చూడాలన్నా, బలం కొలవాలన్నా ప్రాసెసింగ్‌లో యాంప్లిట్యూడ్ (తరంగం ఎత్తు) చెడకూడదు. ఎక్కువగా చెడేది ఇక్కడే. చమురు కోసం చేసిన సర్వేల దృష్టి కిలోమీటర్ల లోతున్న ఉచ్చుల మీద ఉంటుంది, అడుగు కింద మొదటి 300 మీటర్లు వారికి దాటిపోవాల్సిన మట్టి. అందుకని చేసే పనులు హైడ్రేట్‌కు హానికరం. ఏజీసీ (ఆటోమేటిక్ గెయిన్ కంట్రోల్, అంటే ఒక కాల వ్యవధి కిటికీలో సంకేతాల బలాన్ని ఒకే స్థాయికి తేవడం) సంగతి చూడండి. 500 మిల్లీసెకన్ల కిటికీతో ఏజీసీ వేస్తే సముద్రపు అడుగు పరావర్తనం ఆ కిటికీలో మిగతా అన్నిటినీ అణచేస్తుంది. అడుగు కింద ఒక మసక పట్టీ ఏర్పడుతుంది. దాన్ని చూసి హైడ్రేట్ సిమెంటులా పట్టుకుని పొరల తేడాలు చెరిపేసిందని, అంటే బ్లాంకింగ్ అని, రాసేసుకుంటే ఆ బ్లాంకింగ్‌కు కారణం సాఫ్ట్‌వేర్. ఏజీసీ వద్దు. తరంగం వ్యాపించే కొద్దీ తగ్గే బలానికి దిద్దుబాటు, ఎయిర్‌గన్ సంకేతాన్ని జీరో ఫేజ్‌కు (శిఖరం చుట్టూ సౌష్ఠవంగా ఉండే రూపానికి) తేవడం, డీఘోస్ట్ (నీటి ఉపరితలం నుంచి వచ్చే ప్రతిధ్వని అయిన ఘోస్ట్‌ను తీసేయడం), అలల రొదను తగ్గించడం, ఇవి చాలు. స్ట్రీమర్‌ను, అంటే నౌక వెనక సాగే రిసీవర్ల కేబుల్‌ను, 7.5 మీటర్ల లోతున లాగితే ఘోస్ట్ వల్ల 100 హెర్ట్జ్ దగ్గర గుంట పడుతుంది, సన్నని పొరలు కనిపించాల్సిన చోటది. 2 మిల్లీసెకన్లకు రికార్డు చేసిన డేటాను 4కి కుదించకూడదు, కుదిస్తే 125 హెర్ట్జ్ పైన ఏమీ మిగలదు. 50 హెర్ట్జ్ వద్ద 1,700 మీటర్ల వేగానికి తరంగం పొడవు 34 మీటర్లు, అందులో పావు 8.5 మీటర్లు. అంతకన్నా సన్నని ఇసుక పొర పైభాగం, అడుగు విడివిడిగా కనిపించవు. 100 హెర్ట్జ్ నిలబెట్టుకుంటే 4 మీటర్లకు దిగొచ్చు.

ఇంకో మాట. మల్టిపుల్స్ (అడుగుకూ నీటి ఉపరితలానికీ మధ్య మళ్ళీ మళ్ళీ తిరిగొచ్చే ప్రతిధ్వనులు) తీసేసే పనికి ఈ లోతులో తొందర పడక్కర్లేదు. 1,000 మీటర్ల నీటిలో అడుగు ప్రతిధ్వని 1.33 సెకన్లకు వస్తుంది, బీఎస్ఆర్ 1.5 దగ్గర, మొదటి మల్టిపుల్ 2.67 దగ్గర. మనకు కావలసిందంతా మల్టిపుల్ కన్నా ముందే అయిపోతుంది. దగ్గరి ఆఫ్‌సెట్లను (ఆఫ్‌సెట్ అంటే ఎయిర్‌గన్‌కూ రిసీవర్‌కూ మధ్య దూరం) నాశనం చేసే రాడాన్ ఫిల్టర్, అంటే మల్టిపుల్స్ తీసే ఒక పద్ధతి, ఇక్కడ అనవసరం. నిజానికి ఆ మల్టిపుల్ పనికొస్తుంది. మల్టిపుల్ యాంప్లిట్యూడ్‌ను ప్రైమరీతో, అంటే అడుగు నుంచి మొదట వచ్చిన ప్రతిధ్వనితో, భాగించి, రెట్టింపు దారికి దిద్దుబాటు చేస్తే సముద్రపు అడుగు పరావర్తన గుణకం చేతికొస్తుంది. దాన్ని కొలబద్దగా పెట్టుకుంటే బీఎస్ఆర్ గుణకం కూడా అంకెల్లో తెలుస్తుంది, రంగుల్లో కాదు.

వేగం దగ్గర అసలు పరీక్ష మొదలవుతుంది. హైడ్రేట్ ఉందని చెప్పగలిగేది అడుగుకూ బీఎస్ఆర్‌కూ మధ్య వేగం మామూలు బురద కన్నా ఎక్కువ ఉంటేనే. ఆ వేగాన్ని సాధారణంగా స్టాకింగ్ వేగాల (వేర్వేరు దూరాల రికార్డులను సరిపెట్టి కలపడానికి వాడే వేగాల) నుంచి, ఒక్కో పొర వేగాన్ని విడదీసే డిక్స్ సూత్రంతో లాగుతారు. 1,000 మీటర్ల నీరు, దాని కింద 1,700 మీటర్ల వేగంతో 150 మీటర్ల పొర తీసుకోండి. బీఎస్ఆర్ వరకు ఆర్ఎంఎస్ వేగం (ఒక రకం సగటు) 1,525 వస్తుంది. దాన్ని పిక్ చేసేటప్పుడు, అంటే తెర మీద ఎంచుకునేటప్పుడు, 10 మీటర్లు మాత్రమే ఎక్కువగా, అంటే 1,535గా పెట్టామనుకుందాం. డిక్స్ నుంచి పొర వేగం 1,775 అని బయటికొస్తుంది. నీరు 2,000 మీటర్లయితే అదే 10 మీటర్ల తప్పుకి పొర వేగం 1,840 చూపిస్తుంది. రంధ్రాల్లో పదో వంతు హైడ్రేట్ ఉంటే వేగం పెరిగేది కూడా ఇంచుమించు ఈ పరిమాణంలోనే. అంటే పిక్ చేసినవారి చేతి వణుకులోంచి హైడ్రేట్ పుట్టుకురావచ్చు. వేగాన్ని ఎంచుకునే సెంబ్లెన్స్ ప్యానెల్ మీద 10 మీటర్లంటే మచ్చ వెడల్పులో చిన్న భాగం.

దీనికి మందు దూరపు ఆఫ్‌సెట్లలో ఉంది. ఆరు కిలోమీటర్ల స్ట్రీమర్ లాగి, స్టాక్‌లో మామూలుగా పెట్టే 30 శాతం స్ట్రెచ్ మ్యూట్ (దిద్దుబాటులో అతిగా సాగిన భాగాలను కత్తిరించడం) పెడితే 1,000 మీటర్ల నీటి అడుగు దగ్గర సుమారు 1,650 మీటర్ల ఆఫ్‌సెట్ వరకే మిగులుతుంది. మిగతా నాలుగు కిలోమీటర్ల పైచిలుకు కేబుల్ అందించిన సమాచారం పక్కకు పోతుంది. వేగం గురించి గట్టిగా చెప్పగలిగేది ఆ పక్కకు పోయిన విశాలకోణపు తరంగాలే. వాటిని ప్రయాణ కాలాల నుంచి వేగాన్ని లెక్కించే ట్రావెల్‌టైమ్ టోమోగ్రఫీకి, ఆపైన మొత్తం తరంగ రూపాన్నే సరిపోల్చే ఫుల్ వేవ్‌ఫామ్ ఇన్వర్షన్‌కు ఇస్తే బీఎస్ఆర్ పైన వేగం పెరిగి కింద పడిపోయే ఆకారం స్పష్టంగా వస్తుంది. ఇన్వర్షన్‌కు తక్కువ హెర్ట్జ్‌లు ప్రాణం. రొద తగ్గిద్దామని 8 హెర్ట్జ్ కింద అంతా కోసేస్తే ఇన్వర్షన్ తప్పు లోయలో పడి అందంగా కనిపించే తప్పుడు మోడల్ ఇస్తుంది.

సముద్రపు అడుగున పెట్టే రికార్డర్లు, ఓబీఎస్‌లు, మరో మెట్టు. పీ తరంగం (నొక్కుతూ సాగే ధ్వని) అడుగు కింద పరావర్తనమయ్యేటప్పుడు కొంత ఎస్ తరంగంగా (పక్కలకు ఊగుతూ సాగేది, నీటిలో నడవదు) మారి తిరిగొస్తుంది, దాన్ని పట్టేది అడుగు మీద కూర్చున్న జియోఫోన్లే (నేల కంపాన్ని పట్టే పరికరాలే). ఎస్ తరంగానికి బుడగలు దాదాపు పట్టవు, హైడ్రేట్ మట్టి రేణువులను పట్టి ఉంచితే మాత్రం వేగం పెరుగుతుంది. పీ పడిపోయి ఎస్ మారకపోతే వాయువు, రెండూ పెరిగితే రేణువులకు ఆనుకున్న హైడ్రేట్. ఇబ్బందులు కూడా ఉన్నాయి. పరికరం గడియారం జారుతుంది, అందుకే దించే ముందూ తీసిన తర్వాతా జీపీఎస్‌తో సరిచూసి మధ్యలో పంచాలి. దించిన చోట కాక ప్రవాహానికి పక్కకు కొట్టుకుపోయి కూర్చుంటుంది, నేరుగా నీటిలో వచ్చిన తరంగాల కాలాల నుంచి దాని అసలు చోటు మళ్ళీ లెక్కించాలి. గోదావరి తెచ్చి పోసిన మెత్తటి బురదలో జియోఫోన్ సరిగా అతుక్కోకపోతే అడ్డ దిశల కంపాన్ని పట్టే దాని భాగాలు రెండూ మోగుతూనే ఉంటాయి.

వేగం సరిగ్గా వచ్చిందనుకున్నా, దాన్ని హైడ్రేట్ శాతంగా మార్చడంలో ఇంకో గొయ్యి ఉంది. రంధ్రం మధ్యలో తేలుతున్న హైడ్రేట్, రేణువులకు ఊతమిచ్చే హైడ్రేట్, రేణువుల అతుకుల దగ్గర సిమెంటులా పట్టిన హైడ్రేట్, ఒకే వేగానికి మూడు రకాల శాతాలు చెబుతాయి. మన తీరంలోనే ఇందుకు గట్టి సాక్ష్యం ఉంది. 2006లో జాయిడ్స్ రిజల్యూషన్ నౌక మీద సాగిన మొదటి జాతీయ యాత్రలో కృష్ణా-గోదావరి బేసిన్‌లో పదో స్థలం దగ్గర, సుమారు 1,040 మీటర్ల నీటి కింద, 130 మీటర్ల దాకా మందమున్న హైడ్రేట్ మండలం బయటపడింది. అది ఇసుక కాదు, బంకమట్టి. హైడ్రేట్ దానిలోని నిటారు పగుళ్ళలో సిరల్లా, ముద్దల్లా పేరుకుంది. బావిలో కొలిచిన విద్యుత్ నిరోధాన్ని, దాని నుంచి రంధ్రాల్లో నీటి వాటా తేల్చే మామూలు ఆర్చీ సూత్రంలో పెడితే రంధ్రాల్లో సగానికి పైగా, కొన్నిచోట్ల 80 శాతం దాకా హైడ్రేట్ అని వచ్చింది. దగ్గరి బావుల్లో ఒత్తిడి తగ్గకుండా పైకి తెచ్చిన ప్రెషర్ కోర్లలో 26 శాతం లోపే ఉంది. అమెరికా భూగర్భ సర్వే శాస్త్రవేత్తలు మ్యుంగ్ లీ, తిమోతీ కాలెట్ 2009లో దీని కారణం వివరించారు: నిటారు సిరలు అడ్డంగా పోయే కరెంటుకు గోడల్లా అడ్డు నిలుస్తాయి, సూత్రమేమో హైడ్రేట్ రంధ్రాల్లో సమంగా పరుచుకుందనుకుంటుంది. సైస్మిక్ వేగానికీ ఇదే చిక్కు. నిటారుగా దిగే పీ తరంగం సిర వెంబడి గట్టి దారిలో పరుగెడుతుంది, అన్ని దిక్కులా ఒకేలా ఉందనుకుని శాతం లెక్కేస్తే ఎక్కువ చూపిస్తుంది. ఈ తేడా వల్ల వాయువు ఎంత మారుతుందంటే: ఒక చదరపు కిలోమీటరు, 100 మీటర్ల మందం, సగం రంధ్రాలు అనుకుంటే 80 శాతానికి 656 కోట్ల ఘనపు మీటర్లు, 26 శాతానికి 213 కోట్లు. ఒకే స్థలం, ఒకే గీత.

ఆ 213 కోట్లయినా బంకమట్టిలోంచి బయటికి తీయడం కష్టం, ఎందుకంటే కరిగిన వాయువు కదలడానికి దారి లేదు. అందుకే నేను గట్టిగా పట్టుబట్టేది: వెతకాల్సింది బీఎస్ఆర్‌ను కాదు, బీఎస్ఆర్‌ను దాటిపోయే ఇసుక పొరను. వాయువు, వాయువు వచ్చే దారి, నిలవడానికి ఇసుక, మూడూ కలిసిన చోటు కావాలి. అటువంటి పొర సైస్మిక్‌లో ఒక ప్రత్యేకమైన గుర్తు ఇస్తుంది. బీఎస్ఆర్ కింద, ఇసుకలో బుడగలున్నచోట దాని పరావర్తనం నెగటివ్. అదే పొరను ఏటవాలు వెంట పైకి అనుసరిస్తూ బీఎస్ఆర్ దాటగానే, ఇసుకలో హైడ్రేట్ నిండినచోట, బలమైన పాజిటివ్‌గా మారుతుంది. ఒకే పొర మీద, బీఎస్ఆర్ దగ్గరే, ధ్రువణత తిరగబడుతుంది. ఎయిర్‌గన్ బుడగ, పక్కవాలు నుంచి వచ్చే ప్రతిధ్వని, సిలికా, వీటిలో ఏదీ దీన్ని అనుకరించలేదు. మెక్సికో గల్ఫ్‌లో 2009లో వాకర్ రిడ్జ్ 313, గ్రీన్ కెన్యన్ 955 బ్లాకుల్లో ఇలాంటి గుర్తుల ఆధారంగా ముందే అంచనా కట్టి తవ్వారు, ఇసుకలో దట్టమైన హైడ్రేట్ దొరికింది. 2015లో చిక్యూ నౌక మీద సాగిన మన రెండో జాతీయ యాత్ర ఇసుకనే లక్ష్యంగా పెట్టుకుంది, కృష్ణా-గోదావరిలో బి, సి ప్రాంతాల్లో దాన్ని కనుక్కుంది. మన దగ్గర నిజంగా గర్వించాల్సిన ఫలితం 1,894 కాదు, ఇది.

ఇసుక దొరికినంత మాత్రాన ఉత్పత్తి వచ్చేయదు. జపాన్ 2013 మార్చిలో నాంకాయ్ ట్రఫ్‌లో ఒత్తిడి తగ్గించి ఆరు రోజుల్లో 1,20,000 ఘనపు మీటర్ల దాకా వాయువు తీసింది, బావిలోకి ఇసుక వచ్చిపడి ఆపేయాల్సి వచ్చింది. ఆ ఇంజనీరింగ్ వేరే కథ.

కృష్ణా-గోదావరిలో ఖర్చు ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నకు నా సమాధానం మరో పెద్ద విస్తీర్ణపు బీఎస్ఆర్ పటం కాదు. సముద్రంలో కొత్తగా ఒక్క షాట్ కొట్టకముందే, ఉన్న ఫీల్డ్ టేపుల నుంచి మొదటి రెండున్నర సెకన్లను మళ్ళీ ప్రాసెస్ చేయొచ్చు: 2 మిల్లీసెకన్లలో, ఏజీసీ లేకుండా, మ్యూట్‌లో పోయిన దూరపు ఆఫ్‌సెట్లతో. హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్ఐకి (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థకు) ఈ తీరపు హైడ్రేట్ సైస్మిక్ మీద ఏళ్ళ తరబడి చేసిన పని ఉంది. దాన్ని పాత లైన్లన్నిటికీ విస్తరింపజేయాలి. ప్రతి లైను మీద వేగంతోపాటు దాని తప్పు హద్దు కూడా పటంలో వేయాలి, 1,775 అని రాసినచోట ఎంత అటూ ఇటూ అని కూడా రాయాలి. ఆ పైన గోదావరి పాత కాలువలు, వాటి గట్లు (లెవీలు), విసనకర్రలా పరుచుకున్న మేటలు బీఎస్ఆర్‌ను ఎక్కడ దాటుతున్నాయో గుర్తించి, ధ్రువణత తిరగబడిన చోట్ల మీదే ఓబీఎస్ లైన్లు వేయాలి. పీ, ఎస్ వేగాలు రెండూ పెరిగిన చోటుకే డ్రిల్లింగ్ నౌక వెళ్ళాలి. అక్కడ మొదటి ప్రెషర్ కోర్ తీయాల్సింది బీఎస్ఆర్ దగ్గర కాదు, దానికి పైన ఇసుక పొర నడుమ నుంచి.